ఆరిళ్ళ నడక వ్యాయామం కాదా?

ఈ సంచికకు సంపాదకీయం వేరే విషయం మీద రాయాలనుకున్నాను. మా ఇంట్లో పనిచేసే ఆమె ఒక ఉదయం అడిగిన ప్రశ్న దాన్ని పక్కకు నెట్టేసింది. నేను అప్పుడే పార్కులో గంట నడిచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాను. ఆమె బస్తీ దవాఖానలో రక్తపరీక్ష చేయించుకున్న చీటీ నా చేతిలో పెట్టింది. హిమోగ్లోబిన్ 8.2 అని ఉంది. పన్నెండు ఉండాలని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అమ్మా, మీరు గంట నడిస్తె ఒంటికి మంచిదంటరు. నేను పొద్దుగాల్నుంచి ఆరిళ్ళు తిరుగుతనే ఉన్న, మెట్లెక్కుతనే ఉన్న. మరి నా ఒంట్ల రక్తమెందుకు లేదు?" అని అడిగింది.

నేను సమాజశాస్త్రంలో పరిశోధన చేసినదాన్నే గాని వైద్యం చదివినదాన్ని కాను. పేరు ముందున్న 'డాక్టర్' చూసి మందులడిగేవాళ్ళకు సర్దిచెప్పడం నాకు అలవాటే. కానీ ఈ ప్రశ్నకు అలా సర్దిచెప్పడం కుదరలేదు. ఎందుకంటే అది మందుల ప్రశ్న కాదు. శ్రమకూ ఆరోగ్యానికీ మధ్య సంబంధం గురించి ఇన్నేళ్ళుగా తరగతి గదుల్లో నేను చెప్తున్న పాఠాన్ని ఆమె ఒక్క వాక్యంలో నిలదీసింది.

ఇంకో కారణం కూడా ఉంది. పోయినేడాది నాకూ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. చూపించుకున్న డాక్టరు పరీక్షలేమీ రాయకుండానే, "ఈ వయసులో ఆడవాళ్ళకు మామూలే, టెన్షన్ తగ్గించుకోండి, ఇంకాస్త ఎక్కువ నడవండి" అన్నాడు. నేను పట్టుబట్టి పరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వలను చూపించే ఫెరిటిన్ అడుగంటి ఉంది. ఆరేడు నెలలుగా నేను ఖాళీ కుండలో గరిట తిప్పుతున్నానన్నమాట. అడిగే చదువు, పరీక్షకు పెట్టే డబ్బు, మందు వేసుకుని విశ్రాంతి తీసుకునే వీలు నాకున్నాయి. ఈ మూడూ లేని ఆడవాళ్ళే ఈ దేశంలో ఎక్కువ.

ఆ ఎక్కువ ఎంతో సర్కారు లెక్కలే చెప్తున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు 2015-16 సర్వేలో అది 53. అదే వయసు మగవాళ్ళలో 25. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ఒక జబ్బు సగం మందికి పైగా స్త్రీలకు ఉన్నప్పుడు, అది క్రమంగా 'ఆడవాళ్ళ స్వభావం'గా చెలామణీ అయిపోతుంది. నీరసం, చిరాకు, దడ, తలతిరగడం - ఇవన్నీ మన గుణాల జాబితాలో చేరిపోతాయి.

ఇక వ్యాయామం సంగతి. పోషకాహారం మీద పనిచేసే స్నేహితురాళ్ళను అడిగి, చదివి, నాకు అర్థమైనంతలో చెప్తాను. వ్యాయామం ఒంటికి మంచిదనడంలో సందేహం లేదు. చక్కెర వ్యాధినీ రక్తపోటునూ అదుపులో పెడుతుంది, కండరాలను నిలబెడుతుంది, నిద్ర పట్టిస్తుంది, మనసును తేలికపరుస్తుంది. అయితే వ్యాయామం శరీరానికి విటమిన్లనూ ఖనిజాలనూ తెచ్చిపెట్టదు. వాటిని వాడుకుంటుంది. తిన్న అన్నాన్ని శక్తిగా మార్చడానికి బి1, బి2, బి6 లాంటి విటమిన్లు కావాలి. ఎంత ఎక్కువ శక్తి ఖర్చయితే అవి అంత ఎక్కువ కావాలి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1983లో ఆరోగ్యంగా ఉన్న యువతుల మీద జరిపిన పరిశోధనలో, జాగింగ్ మొదలుపెట్టాక వాళ్ళ శరీరానికి కావలసిన రైబోఫ్లేవిన్, అంటే బి2, పెరిగిందని తేలింది. పాలు, గుడ్లు, ఆకుకూరలలో దొరికే విటమిన్ ఇది. ఇది లోపిస్తే నోటి మూలలు పగులుతాయి. మన బడిపిల్లలలో ఆ పగుళ్ళు చూడని టీచరు ఉండదు.

ఇనుము కథ ఇంకా చిక్కైనది. నెలనెలా బహిష్టులో సగటున 30-40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. దానితో పాటు సుమారు 15 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. ఎక్కువ రక్తస్రావం అయ్యేవాళ్ళకు, కాపర్-టీ పెట్టించుకున్నాక బహిష్టు ఎక్కువైనవాళ్ళకు నష్టం ఇంకా ఎక్కువ. గట్టిగా వ్యాయామం చేసేవాళ్ళకు దీనిమీద మరికొన్ని నష్టాలు కలుస్తాయి. పాదాలు నేలను పదేపదే బలంగా తాకినప్పుడు కొన్ని ఎర్రరక్తకణాలు చిట్లిపోతాయి. సుదీర్ఘంగా కవాతు చేసిన సైనికుడి మూత్రం ఎర్రబడడాన్ని జర్మనీలో 1881లోనే ఒక వైద్యుడు నమోదు చేశాడు. చెమటలో కొద్దిగా ఇనుము పోతుంది, దూరం పరిగెత్తేవాళ్ళకు పేగుల నుంచి కూడా కాస్త రక్తం పోతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఈ శతాబ్దం మొదట్లో గుర్తించిన హెప్సిడిన్ అనే హార్మోను. కాలేయం నుంచి వచ్చే ఈ హార్మోను పేగుల్లో ఇనుముకు తలుపు వేసేస్తుంది. కఠినమైన వ్యాయామం చేసిన మూడు నుంచి ఆరు గంటల లోపు ఇది పెరుగుతుంది. ఆ సమయంలో తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. క్రీడాకారిణులలో ఇనుము లోపం మగ క్రీడాకారుల కంటే ఎక్కువగా కనబడడానికి కారణాలు ఇవి.

ఇది చదివి నడక మానేయాలని ఎవరూ అనుకోకూడదు. కడుపునిండా తినే స్త్రీ మామూలుగా నడిస్తే, యోగా చేస్తే రక్తహీనత రాదు. వ్యాయామం చేసేవాళ్ళలో రక్తంలోని ద్రవభాగం పెరిగి, జబ్బేమీ లేకుండానే హిమోగ్లోబిన్ అంకె కొంచెం తగ్గినట్లు కనబడడం కూడా ఉంది. అసలు మెలిక ఒకటే. వ్యాయామం చేస్తే ఆకలేస్తుంది. ఆకలేసినప్పుడు తినగలిగితే, ఆ తిండితో పాటే విటమిన్లూ ఖనిజాలూ ఎక్కువగా అందుతాయి. పోయిన దానికంటే వచ్చేది ఎక్కువవుతుంది. కంచంలో అన్నం పెరగకుండా ఒంటిమీద పని మాత్రమే పెరిగితే, ఉన్నదే ఖర్చవుతుంది. వ్యాయామం ఒంటికి మేలు చేస్తుందా లేదా అనే ప్రశ్నకు జవాబు పార్కులో లేదు, వంటింట్లో చివరి బంతి ఎవరు తింటారన్న దానిలో ఉంది.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణాలను చూడండి. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1660 కిలోకేలరీలు, బరువైన పనిచేసే స్త్రీకి 2720. ఈ ఇద్దరి మధ్య తేడా 1060. అంటే నాకూ మా ఇంట్లో పనిచేసే ఆమెకూ మధ్య దాదాపు రెండు పూటల భోజనమంత తేడా ఉండాలి. ఆమె నాకంటే అంత ఎక్కువ తినాలి. ఇద్దరం తినేది చూస్తే లెక్క తిరగబడి ఉంటుంది. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని, పురుషుడికి 19 చాలని అదే సంస్థ చెప్పింది. ఏ ఇంట్లో భార్య కంచంలో భర్త కంచం కంటే ఒకటిన్నర రెట్లు పప్పూ ఆకుకూరా మాంసమూ వడ్డిస్తున్నారు? వడ్డించేది ఆమే కదా అంటారు. అవును, వడ్డించేది ఆమె చేయి. ఎవరికి ముందు, ఎవరికి ఎంత అని నిర్ణయించింది మాత్రం ఆమె చేయి కాదు.

ఆమె పొద్దుటి నుంచి ఏం తిన్నదని ఆ రోజే అడిగాను. నాలుగున్నరకు లేచి ఇంట్లో వంట చేసి, రాత్రి మిగిలిన అన్నం నాలుగు ముద్దలు తిని బయల్దేరుతుంది. మధ్యాహ్నం రెండింటి దాకా మళ్ళీ తిండి లేదు. మధ్యలో ఆరిళ్ళలో ఆమెకు దొరికేది టీ. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆకలిని చంపడానికి ఆమెకు ఆరిళ్ళూ ఇచ్చేది ఆమె రక్తానికి పనికిరానిదే. ఆ ఆరిళ్ళలో మా ఇల్లు ఒకటి. ఇది రాయకుండా దాటేసి ఉంటే ఈ సంపాదకీయానికి అర్థం ఉండేది కాదు.

చాకిరీ వేరు, వ్యాయామం వేరు. కండరాలకు ఆ తేడా తెలియకపోవచ్చు, శరీరానికి మొత్తంగా తెలుస్తుంది. వ్యాయామం మన ఇష్టంతో చేసేది. అలసిపోతే ఆపగలం. తర్వాత తిని, పడుకుని, శరీరాన్ని కోలుకోనిస్తాం. చాకిరీలో మొదలుపెట్టే గంటా ఆపే గంటా మన చేతిలో ఉండవు. అలసిపోయినా ఆపలేం, బహిష్టు నొప్పి ఉన్నా ఆపలేం. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో లక్షమందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించి 2021లో ప్రకటించిన అధ్యయనం దీన్నే చూపింది. తీరిక వేళల్లో చేసే శారీరక శ్రమ గుండెజబ్బునూ మరణాన్నీ తగ్గిస్తే, ఉద్యోగంలో చేసే బరువైన శ్రమ వాటిని పెంచింది. అక్కడి కార్మికుల తిండి మన వాళ్ళ తిండి కంటే ఎంత మెరుగో వేరే చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఈ విషయాన్ని నలభై ఏళ్ళ కిందటే ఎత్తిచూపిన స్త్రీ ఉంది. శ్రీలతా బాట్లీవాలా 1982లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాసిన వ్యాసంలో, గ్రామీణ స్త్రీల పోషణ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళు ఏం తింటున్నారన్నదే కాక, కట్టెలకూ నీళ్ళకూ వంటకూ ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో కూడా లెక్కగట్టాలని వాదించింది. నీళ్ళూ వంటచెరకూ దగ్గరికి తెస్తే, తిండి పెట్టినంత మేలు జరుగుతుందన్నది ఆ వాదన సారం. పోషకాహార సమస్యను 'ఆడవాళ్ళకు అవగాహన లేదు' అనే ఉపన్యాసం నుంచి శ్రమ విభజన అనే అసలు చోటికి తెచ్చిన వ్యాసం అది. ఆ శ్రమ ఇంకా తగ్గలేదని జాతీయ కాల వినియోగ సర్వేలు చెప్తున్నాయి. 2019లో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు, పురుషులు 97 నిమిషాలు. 2024లో అవి 289, 88. అయిదేళ్ళలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్ళకు తొమ్మిది నిమిషాలు తగ్గాయి! రోజుకు అరగంట వ్యాయామం చేయమని సలహా ఇచ్చేవాళ్ళు, ఆ అరగంట ఎవరి దగ్గర నుంచి తెచ్చుకోవాలో కూడా చెప్పాలి.

కార్మిక స్త్రీల రక్తం గురించి పరిశోధనలు జరగలేదని కాదు. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే స్త్రీలకు ఇనుము మాత్రలిచ్చి చూసిన పరిశోధన 1979లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మాత్రలు వేసుకున్నవాళ్ళు ఎక్కువ ఆకు కోశారు. బీజింగ్ నూలు మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు మాత్రలిస్తే అదే పనిని గుండెకు తక్కువ భారంతో చేయగలిగారని 1994లో మరో పరిశోధన తేల్చింది. ఇవి విలువైన పరిశోధనలు. కానీ వీటిని విధానాలు చేసేవాళ్ళు ఉదహరించే తీరు నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. స్త్రీకి రక్తం పడితే ఉత్పత్తి పెరుగుతుంది కనుక రక్తం పట్టించాలట. ఆమె సాయంత్రం పిల్లలతో ఆడుకోగలిగినందుకు, పాట పాడగలిగినందుకు, ఊరికే అలసట లేకుండా కూర్చోగలిగినందుకు ఆ మాత్ర ఇవ్వకూడదా?

సర్కారు కార్యక్రమాలదీ ఇదే చూపు. రక్తహీనత నివారణకు దేశంలో కార్యక్రమం 1970లోనే మొదలైంది. అది ప్రధానంగా గర్భిణులనూ బాలింతలనూ చిన్నపిల్లలనూ చూసింది. 2018లో వచ్చిన 'అనీమియా ముక్త్ భారత్' మిగతా స్త్రీలకూ వారానికొక మాత్ర అంది. అయినా అంగన్‌వాడీ భోజనం, గుడ్డు, పాలు దక్కేది కడుపులో బిడ్డ ఉన్నప్పుడూ చంకలో బిడ్డ ఉన్నప్పుడూ మాత్రమే. కాన్పులన్నీ అయిపోయిన ముప్ఫై ఏళ్ళ కూలితల్లి ఎవరి లెక్కలోనూ లేదు. తల్లిగా కాక మనిషిగా, శ్రమజీవిగా ఆమెకు పోషణ హక్కు లేదా?

ఎముకల విషయం మరొక దగా. బరువు మోపే వ్యాయామం, అంటే నడక, గెంతడం, మెట్లెక్కడం, ఎముకలను గట్టిపరుస్తుంది. అయితే దానికి కాల్షియం, విటమిన్ డి, చాలినంత తిండి, ఈస్ట్రోజన్ హార్మోను కావాలి. ఇవి లేని ఎముక మీద బరువు పడితే అది అరుగుతుంది. మన రాష్ట్రాలలో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎంత విచ్చలవిడిగా జరిగాయో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశంలో నూటికి 3.2 ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫైల్లోనే ఈస్ట్రోజన్ ఆగిపోతుంది, ఎముక గుల్లబారడం మొదలవుతుంది. తర్వాత ఆ స్త్రీకే 'వ్యాయామం చెయ్యమ్మా' అని సలహా ఇస్తారు. ఆమె అప్పటికే నెత్తిన తట్ట మోస్తూ ఉంటుంది.

ఆడపిల్లల ఆటల సంగతి చెప్పకుండా ముగించలేను. 2000లో సిడ్నీలో కరణం మల్లేశ్వరి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ స్త్రీ అయింది. శ్రీకాకుళం ఆడపిల్ల చేతుల బలాన్ని అందరం చప్పట్లు కొట్టి మెచ్చుకున్నాం. ఆ చప్పట్లు మన బడి మైదానాల దాకా రాలేదు. రజస్వల అయిందనగానే ఆట మాన్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆడే పిల్లలకేమో తిండి లేదు. నేను చూసిన ఒక జిల్లాలో కబడ్డీ ఆడే అమ్మాయిలు పొద్దున అయిదున్నరకు పరగడుపున సాధన మొదలుపెట్టేవారు. ఒక అమ్మాయికి నాలుగు నెలలుగా బహిష్టు రావడం లేదని కాలి ఎముక చిట్లిన తర్వాతగాని ఎవరూ అడగలేదు. చేసే సాధనకు తగిన తిండి లేకపోతే శరీరం ముందు బహిష్టును ఆపుతుంది, తర్వాత ఎముకను కరిగిస్తుంది. అమెరికా క్రీడావైద్యులు 1990లలోనే ఈ మూడింటి ముడిని గుర్తించారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం దీన్ని ఇంకా విస్తరించి చెప్పింది. బహిష్టు ఆగడం సుఖంగా ఉందనుకునే అమ్మాయికి అది ప్రమాద సూచన అని చెప్పే మనిషి ప్రతి మైదానంలోనూ ఉండాలి. ఆటకు ముందు ఒక అరటిపండు, తర్వాత గుడ్డు, వేరుశనగ పట్టీ. ఇవి పతకాల కోసం కాదు, ఆడే ప్రతి పిల్లకూ ఇవ్వవలసినవి.

మనకు చేతనైనవి కొన్ని ఉన్నాయి. టీ తాగేది భోజనానికి గంట ముందో వెనుకో పెట్టుకోవచ్చు. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోవచ్చు, ఉసిరి నంజుకోవచ్చు. విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పొలంలో చెప్పులు వేసుకుంటే కొంకిపురుగులు పాదాల గుండా ఒంట్లోకి చేరి రక్తం తాగకుండా ఉంటాయి. ఎవరికివారు మాత్రలు కొనుక్కోవడం మాత్రం మంచిది కాదు. ఆదివాసీ ప్రాంతాలలో సికిల్ సెల్ వల్ల వచ్చే రక్తహీనత వేరు, దానికి చూసుకోవలసినది వేరు. ముందు పరీక్ష జరగాలి.

అయితే నిమ్మకాయతో ముగిసే విషయం కాదిది. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె, చిరుధాన్యాలు కావాలని అడగాలి. కాన్పులతో ముడిపెట్టకుండా స్త్రీలందరికీ రక్తపరీక్ష, చికిత్స కావాలి. గడప దగ్గరికి నీళ్ళు, బస్తీలో పిల్లల సంరక్షణ కేంద్రం, ఇంటిపనిలో మగవాళ్ళ వాటా కావాలి. ఇంటి పనివారికి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చెప్పింది. దానికి ఓటు వేసిన మన ప్రభుత్వం ఆ తర్వాత దశాబ్దం గడిచినా ధ్రువీకరించలేదు. ప్రభుత్వం సంగతి సరే, పనివాళ్ళను పెట్టుకున్న మనలో ఎంతమందిమి ఆ సెలవు ఇస్తున్నాం? ఆరిళ్ళ ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకుంటే రెండు విషయాలు తేలాయి. ఆదివారం ఆమెకు జీతంతో సెలవు. తొమ్మిదింటికి ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో, ఆ ఇంటివాళ్ళతో పాటు టిఫిను. ఇది మా ఉదారత కాదు, ఇన్నేళ్ళూ ఎగవేసిన బాకీలో కొంత. ఇద్దరు ఒప్పుకోవడానికి నెల పట్టిందని కూడా చెప్పాలి.

మొదటి ఆదివారం ఏం చేశావని సోమవారం అడిగాను. "పన్నెండు దాక పన్న. సాయంత్రం మా బిడ్డతోని చెరువు కట్ట మీద నడిచిన. చేతుల సంచి గూడ లేదు" అంది. ఆ నడకే వ్యాయామం.

ఇనుము మాత్రలు వేసుకుంటున్న ఆమెకు మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష ఉంది. మీ ఇంట్లో, మీ ఊళ్ళో, మీ బడిలో ఈ లెక్క ఎలా ఉందో మాకు రాయండి. మీ సంఘంలో పదిమంది స్త్రీలు కూర్చున్నప్పుడు పొద్దుటి నుంచి ఎవరెంత పనిచేశారో, ఎవరేం తిన్నారో ఒక్కసారి పక్కపక్కన రాసి చూడండి. వచ్చే సంచికలో ఆ కాగితాల మీదే చర్చ మొదలుపెడదాం.